గీజర్ లైటు ఆరిపోతోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే ఉంటున్నాయి

నిజాంపేట అపార్ట్‌మెంట్:
మాది 15 లీటర్ల గీజర్, 2000 వాట్లు, పూర్తిగా బోరు నీళ్లు. చలి మొదలైనప్పటి నుంచి లైటు కాసేపు వెలిగి ఆరిపోతోంది, నీళ్లు కాగట్లేదు, లోపల సుయ్‌మని శబ్దం. మెకానిక్ వచ్చి చూడకుండానే ఫోన్లో థర్మోస్టాట్ (నీళ్లు కాగాక కరెంటు ఆపే భాగం) మార్చాలి అంటున్నాడు. ఇంట్లో పసిపాప ఉంది, టెన్షన్‌గా ఉంది.

కర్నూలు ఎలక్ట్రీషియన్:
ఆ శబ్దం సున్నానిది తమ్ముడూ. బోరు నీళ్లలోని సున్నం ఎలిమెంట్ మీద, అంటే నీళ్లు కాచే కాయిల్ మీద, పొరలా పడితే ఆ వేడి సరిగ్గా నీళ్లలోకి దిగదు, ఆ చుట్టూనే వేడెక్కిపోయి థర్మోస్టాట్ ముందే కట్ చేస్తుంది. కాబట్టి ముందు విప్పి చూడమను. ఎంసీబీ (బోర్డులో ఉండే స్విచ్) ఆపాక నిరోధం కొలిచే మల్టీమీటర్ పెడితే 2000 వాట్ల ఎలిమెంట్ సుమారు 26 ఓమ్‌లు చూపాలి. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఏ కొంచెం రీడింగ్ వచ్చినా ఎలిమెంట్ మార్చాల్సిందే. పక్కనుండే మెగ్నీషియం కడ్డీ (ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగేది) కూడా చూడమను, అది అరిగిపోతే ట్యాంకుకే తుప్పు.

హనుమకొండ:
మా ఇంట్లో గీజర్ స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోయేది. వచ్చినతను ఆర్‌సీసీబీని బైపాస్ చేస్తే సరిపోతుందన్నాడు, మేం ఒప్పుకోలేదు. ఇంకొకరిని పిలిస్తే ఎలిమెంట్ పగిలి కరెంటు నీళ్లలోకి లీకవుతోందని తేలింది. 30 మిల్లీ ఆంప్స్ లీకవ్వకముందే ఆపేసేది ఆ ఆర్‌సీసీబీనే, దయచేసి ఎవరూ దాన్ని తీసేయనివ్వకండి, ఎర్త్ వైరు కూడా.

రాజమండ్రి అక్క:
ప్లగ్గు నల్లబడిందేమో కూడా చూడండి. ఈ గీజర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, 16 ఆంప్స్ సాకెట్టే ఉండాలి, స్క్రూ వదులైనా కాలిపోతుంది.

నిజాంపేట అపార్ట్‌మెంట్:
అన్నా, విప్పించాం. ఎలిమెంట్ మీద తెల్లగా గట్టిగా పెచ్చు కట్టింది, కడ్డీ సన్నని తీగలా మిగిలింది. రీడింగ్ బాగానే ఉంది. నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి శుభ్రం చేసి కడ్డీ మార్చారు, థర్మోస్టాట్ పాతదే, నీళ్లు బాగా కాగుతున్నాయి. సేఫ్టీ వాల్వ్ (లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలేది) నుంచి చుక్కలు పడుతున్నాయి, పర్లేదా?

కర్నూలు ఎలక్ట్రీషియన్:
కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడితే పర్లేదు, ఆ వాల్వ్ పైపుకి మాత్రం బిరడా కొట్టొద్దు. ఆపేసినా ధారగా కారితే వాల్వ్ మార్పించు. పాపకి స్నానమంటే బకెట్లో ముందు చల్లనీళ్లు పట్టు, తర్వాతే వేడినీళ్లు.