మ్యాజిక్ కార్డుల మానా పద్ధతి డీ అండ్ డీలో నడుస్తుందా?

కొండాపూర్_డీఎం:
నేను డీఎంను, అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆటలో కథ నడిపేవాణ్ని. స్పెల్ స్లాట్లతో, అంటే ఏ స్థాయి మంత్రాలు రోజుకు ఎన్నిసార్లు వేయొచ్చో చెప్పే లెక్కతో, విసుగొచ్చేసింది. ఐదో లెవెల్ విజార్డ్‌కు ఒకటో స్థాయివి 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. ఎవరు ఏది వాడారో కాగితం మీద గీతలు, చెరుపుళ్లు, మళ్లీ గీతలు. అందుకే మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలోని మానా పద్ధతిని తెస్తున్నా. మానా అంటే మంత్రశక్తి, అది రంగురంగుల ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది. మంత్రాలు వేసే ప్రతి ఒక్కరికీ 20 ల్యాండ్ కార్డుల కట్ట. ఫైట్ మొదలవగానే 3 కార్డులు చేతిలోకి. ఆ తర్వాత టర్నుకొకటి తీయాలి, ఒకటి టేబుల్ మీద పెట్టాలి. మంత్రం ఎన్నో స్థాయిదైతే అన్ని ల్యాండ్లు ట్యాప్ చేయాలి, అంటే వాడినట్టు పక్కకు తిప్పాలి. టర్ను రాగానే అవన్నీ మళ్లీ నిలబడతాయి. ల్యాండ్ ఏ రంగుదో మంత్రం స్కూల్‌ను (రకాన్ని) బట్టి: నెక్రోమెన్సీ (చావు మంత్రాలు) నలుపు, ఎవొకేషన్ (శక్తిని విసిరేవి) ఎరుపు, ఇల్యూజన్ (భ్రమలు) నీలం, అబ్జురేషన్ (రక్షణ) తెలుపు. మిగతావి మంత్రాన్ని చూసి నేను చెప్తా. అభిప్రాయాలు రాయండి.

డైస్_బాబాయ్:
బాగుంది. మాకూ నేర్పు తమ్ముడూ.

సైనిక్‌పురి_సత్తి:
అన్నా, డీ అండ్ డీ 2014 రూల్‌బుక్‌లో గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం ఎవొకేషన్. అంటే మీ టేబుల్‌లో పూజారి గాయం మాన్పాలంటే మౌంటెన్ కార్డు (ఎర్ర ల్యాండ్) కావాలి. ఎర్ర మానాతో వైద్యమా?

కొండాపూర్_డీఎం:
2024 పుస్తకంలో అది అబ్జురేషన్‌కు మారింది. తెలుపు. సమస్య తీరింది.

సైనిక్‌పురి_సత్తి:
తీరలేదు. చచ్చినవాణ్ని లేపే రైజ్ డెడ్ నెక్రోమెన్సీ. కాబట్టి మీ లెక్కన దేవుడి భక్తుడు స్వాంప్ (నల్ల ల్యాండ్) పెట్టుకోవాలి. 1993లో వచ్చిన మొదటి మ్యాజిక్ సెట్‌లో రిసరెక్షన్ తెల్ల కార్డు, రైజ్ డెడ్ నల్ల కార్డు. రెండూ చచ్చినవాటిని తెచ్చేవే. స్కూల్‌ను బట్టి రంగు ఇస్తే ఈ తేడా పోతుంది. అక్కడ రంగు చెప్పేది మనస్తత్వం: తెలుపు కట్టుబాటు, నలుపు స్వార్థం, ఎరుపు ఆవేశం. స్కూల్ చెప్పేది మంత్రం పనిచేసే తీరు. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

తార్నాక_తార:
రంగుల గొడవ తర్వాత. నాదొక చిన్న సందేహం. ఫైట్ లేనప్పుడు మానా సంగతేంటి? ల్యాండ్లు టర్ను టర్నుకూ నిలబడితే, ఫైట్ అయ్యాక పూజారి ఒక్క ల్యాండ్‌తో పార్టీ మొత్తానికి గాయాలు మాన్పుకుంటూ పోతాడు. ఖర్చేమీ లేదు. స్లాట్లు రోజు మొత్తానికి లెక్క, మానా ఒక్క ఆటకు లెక్క. మ్యాజిక్‌లో ఆట అయిపోతే కార్డులన్నీ కలిపేసి మళ్లీ మొదలుపెడతారు, నిన్నటి గాయం ఎవరికీ గుర్తుండదు. డీ అండ్ డీ నడిచేదే నిన్నటి గాయం మీద.

కొండాపూర్_డీఎం:
ఫైట్ బయట మానా ఉండదు. సింపుల్.

తార్నాక_తార:
అయితే మంత్రశక్తిని పసిగట్టే డిటెక్ట్ మ్యాజిక్ వేయాలంటే ముందు ఎవడితోనో గొడవ పెట్టుకోవాలా?

కొండాపూర్_డీఎం:
అది రిచువల్‌గా, అంటే స్లాట్ ఖర్చు లేకుండా నెమ్మదిగా, వేసుకోవచ్చు. రూల్స్ చదివి రండి.

పచ్చగడ్డి:
నేనొకటి చెప్పాలి. ఇలాంటి టేబుల్‌లో కూర్చున్నాను నేను. డ్రూయిడ్‌ని, ప్రకృతి మంత్రాల పాత్ర నాది. టర్నుకొక ల్యాండ్ అంటే మూడో స్థాయి మంత్రానికి మూడో టర్ను దాకా ఆగాలి. మన ఫైట్లు చాలావరకు మూడు నాలుగు రౌండ్లలో ముగిసిపోతాయి. అంటే ఫైటర్ కత్తి తిప్పి తిప్పి పని పూర్తి చేసేస్తే, నేను ఆఖర్లో ఉరుము ఉరిమించాలి. పైగా ఆ ఉరుము మంత్రం, కాల్ లైట్నింగ్, ఎరుపట! డ్రూయిడ్ దగ్గర మౌంటెన్లు ఎక్కడ్నుంచి వస్తాయి? సాయంత్రమంతా వడిసెల తిప్పుతూ కూర్చున్నా.

కొండాపూర్_డీఎం:
మెరుపు ఎరుపే. మ్యాజిక్‌లో లైట్నింగ్ బోల్ట్ ఏ రంగు కార్డో చూసుకో.

పచ్చగడ్డి:
అది ఒక్క ఎర్ర మానాకు 3 డ్యామేజ్, టర్ను ఒకటిలోనే. నాకు మూడు ల్యాండ్లు అడిగావు. మ్యాజిక్ రంగు కావాలి గానీ మ్యాజిక్ ధర వద్దా?

డైస్_బాబాయ్:
ఓహో, మీరిద్దరూ ఒకే టేబులా!

నల్లమంత్రం:
అసలు ఇంత తలనొప్పి ఎందుకు? 1997 నుంచి రెండు ఆటలూ ఒకే కంపెనీవి. మ్యాజిక్ లోకాలతో 2018లో రావ్నికా, 2020లో థెరోస్, 2021లో స్ట్రిక్స్‌హేవెన్ అని డీ అండ్ డీ పుస్తకాలు వేశారు. వేటిలోనూ స్లాట్లు తీసి మానా పెట్టలేదు. వాళ్లకు తెలియదా?

కొండాపూర్_డీఎం:
వాళ్లు పుస్తకాలు అమ్ముకోవాలి. పాత రూల్‌బుక్ పనికిరాకుండా ఎందుకు చేసుకుంటారు? ఇది వాదన కాదు.

నల్లమంత్రం:
స్లాట్లు వద్దనుకుంటే 2014 డీఎం గైడ్‌లో స్పెల్ పాయింట్లు ఉన్నాయి కదా. ఐదో లెవెల్‌కు 27 పాయింట్లు, ఒకటో స్థాయి మంత్రానికి 2, మూడో స్థాయికి 5. మానా లాగే ఉంటుంది, కార్డులు కొనక్కర్లేదు.

కొండాపూర్_డీఎం:
అందులో అదృష్టం లేదు. కార్డు తీసేటప్పుడు గుండె కొట్టుకోవాలి.

సైనిక్‌పురి_సత్తి:
గుండె కొట్టుకోవడానికేగా 20 ముఖాల పాచిక ఉంది. మ్యాజిక్ ఆడేవాళ్లే ఈ అదృష్టాన్ని తిట్టుకుంటారు. 60 కార్డుల డెక్‌లో 24 ల్యాండ్లు పెట్టినా, మొదటి 7 కార్డుల్లో సున్నా లేదా ఒక్క ల్యాండే రావడం నూటికి దాదాపు 14 సార్లు జరుగుతుంది. లెక్క వేసుకోండి. అక్కడైతే కలిపి మళ్లీ తీసుకోవచ్చు, ఓడినా ఇంకో ఆట ఆడొచ్చు. ఇక్కడ క్యారెక్టర్ చస్తుంది.

కొండాపూర్_డీఎం:
నా కట్టలో అన్నీ ల్యాండ్లే! పోస్టు చదవరా మీరు? ల్యాండ్ రాకపోవడం అనేదే లేదు.

సైనిక్‌పురి_సత్తి:
రంగు రాకపోవడం ఉంది కదా. ఆ డ్రూయిడ్‌కు జరిగింది అదే.

పచ్చగడ్డి:
నాకు జరిగింది అది కూడా కాదు. భయ్యా, నువ్వు ఈ రూల్‌ను వాట్సాప్ గ్రూపులో శుక్రవారం అర్ధరాత్రి పెట్టావు. ఆదివారం ఆట. నేను అప్పుడే ఐదో లెవెల్‌కు వచ్చా. మెట్రోలో ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా కూర్చుని మంత్రాలు ఎంచుకున్నా. కార్డులన్నీ నీవే, ఏది ఏ రంగో చెప్పేది నువ్వే, "మిగతావి నేను చెప్తా" అన్నదీ నువ్వే. ఇక మేం ఆడటానికి వచ్చామా, చూడటానికి వచ్చామా?

కొండాపూర్_డీఎం:
సరే, అసలు సంగతి చెప్తా విను. నెల రోజులు కూర్చుని గుహ గీశాను. ఆరు గదులు. మొదటి గదిలోనే ఉన్న మంత్రాలన్నీ కుమ్మరించేసి, "లాంగ్ రెస్ట్ తీసుకుంటాం" అన్నారు. రెండో గదిలోనూ అంతే. ప్రతి ఫైట్ తర్వాత ఎనిమిది గంటల నిద్ర, లేచేసరికి స్లాట్లన్నీ మళ్లీ నిండుతాయి! రాక్షసులు తలుపు అవతల టీ తాగుతూ ఎదురుచూడాలా? మంత్రం టర్నుకు ఇంతే అని కట్టేస్తేనే ఇది ఆగుతుంది అనుకున్నా.

తార్నాక_తార:
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉండాల్సింది. గీతలు, చెరుపుళ్లు అన్నారు. దీనికి కార్డులు ఎందుకు? 2014 డీఎం గైడ్‌లోనే ఇంకో పద్ధతి ఉంది: షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు. గుహలో వారం పడుకుంటే రాక్షసులు ఊరికే ఉండరు కదా.

డైస్_బాబాయ్:
మరి నేను కొన్న ల్యాండ్ కార్డులో?

పచ్చగడ్డి:
వారం రెస్ట్ అయితే నేను ఒప్పుకుంటా. కానీ మా పూజారి ఒప్పుకోడు, ఫైటర్‌కు ఏదైనా ఒకటే. అడగాలి. అడగడమే నేను అంటున్నది.

కొండాపూర్_డీఎం:
అడిగితే ఎవరూ ఏ మార్పుకూ ఒప్పుకోరు. తెలిసిన విషయమే.

పచ్చగడ్డి:
ఒక్కసారైనా అడిగావా?

కొండాపూర్_డీఎం:
గ్రూపులో పోల్ పెట్టాను. స్లాట్లు ఉన్నట్టే ఉండి వారం రెస్ట్, లేదా మానా. రేపు రాత్రి వరకు.

పచ్చగడ్డి:
చూశాను. "ఇప్పుడున్నట్టే ఉంచుదాం" అనే ఆప్షనే లేదు.