ఇల్లు మారినంక జీరో బిల్లు ఆగిపోయింది, ఏం చేయాలె?

ఉప్పల్_అద్దె: మేము ఉప్పల్‌ల కిరాయికి ఉంటున్నం, తెల్ల రేషన్ కార్డు ఉంది. పాత ఇంట్ల గృహజ్యోతి (తెలంగాణల నెలకు 200 యూనిట్ల దాక ఫ్రీ కరెంటు పథకం) కింద నెలనెలా జీరో బిల్లే వచ్చేది, ఈ ఇంటికొచ్చినంక మాత్రం బిల్లు పడుతుంది, పోయిన నెల 150 యూనిట్లకే ఏడొందల దాక కట్టినం. ఓనర్‌ని అడిగితే నాకేం తెల్వదు అంటుండు. మా ఆయన ఆటో మీదనే ఇల్లు నడవాలె, పిల్లల ఫీజులు ఇంకా బాకీ. కిరాయిదార్లకు ఇయ్యరా?

మీటర్_మామ: ఇస్తరమ్మా, కిరాయిదార్లకు కూడా ఉంది. మీ రేషన్ కార్డు ఇంకా పాత ఇంటి యూఎస్‌సీ నంబర్‌కే (కరెంటు కనెక్షన్ నంబర్) లింకు అయి ఉంటది, ఒక కార్డుకు ఒకటే మీటర్. కొత్త ఇంటి బిల్లు మీద యూఎస్‌సీ నంబర్ ఉంటది చూడు, ఆ బిల్లు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు పట్టుకొని మున్సిపల్ ఆఫీసుల సర్కారు పథకాల దరఖాస్తులు తీస్కునే ప్రజాపాలన కౌంటర్‌కు పో, పాతది తీసి ఇది ఎక్కియ్యమను. రసీదు అడిగి తీస్కో, లేకుంటే మళ్లపోతే మొదటి నుంచి చెప్పుకోవాలె.

శ్రీను_ఎలక్ట్రీషియన్: ఇంకోటి, ఆ మీటర్ మీ పోర్షన్‌దేనా? రెండు పోర్షన్లకు ఒకటే మీటర్ పెట్టి లోపల సబ్‌మీటర్ లెక్కన వసూలు చేసే ఓనర్లు మస్తుమంది ఉన్నరు, అట్లయితే ఈజీగా 200 దాటుతది. దాటితే పైన యూనిట్లకే కట్టాలె అనుకుంటరు, కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలె. పైగా స్లాబ్ మారి మొదటి 200 కూడా యూనిట్‌కు 5.10 లెక్కన, అంటే 205 వాడినా వెయ్యి పైనే. ఎండాకాలం కూలర్ పెడితే నెల మధ్యల ఒకసారి రీడింగ్ చూస్కోండి.

ఉప్పల్_అద్దె: మాకు వేరే మీటరే ఉంది అన్నా. సోమవారం పోతా. 500 రూపాయలకే గ్యాస్ సిలిండర్ పథకానికి కూడా అక్కడ్నే అడగాలా?

మీటర్_మామ: ఆ, అది కూడా అక్కడ్నే. కాకపోతే సిలిండర్‌కు ముందు ఫుల్ రేటు కట్టాలె, మిగతాది తర్వాత బ్యాంకుల పడతది.

గుంటూరు_లక్ష్మి: మాకు ఏపీలో ఇలా అందరికీ 200 యూనిట్లు లేవండి, ఎస్సీ ఎస్టీల లాంటి కొందరికే. గ్యాస్ మాత్రం దీపం-2 పథకంలో ఏడాదికి మూడు ఫ్రీ, 2024 దీపావళి నుంచి ఇస్తున్నారు. మాకూ ముందు కట్టించుకునే ఇస్తారు, నెలాఖర్లో బండ అయిపోతే ఆ డబ్బులకి ఎవర్నో ఒకర్ని అడగాల్సిందే.