వాటర్ సర్వీసింగ్ తర్వాత రెండో సిలిండర్ మిస్సింగ్, మెకానిక్ హెడ్ దింపాలంటున్నాడు, ఇంట్లో ఏమైనా చూసుకోవచ్చా?

ఖమ్మం_కుర్రాడు:
అన్నలూ కొంచెం సాయం చేయండి. 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, 82 వేలు తిరిగింది. మొన్న ఆదివారం వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చా, నేను టీ తాగొచ్చేలోపు ఆ కుర్రాడు బానెట్ ఎత్తి ఇంజన్ మీద కూడా ప్రెషర్‌తో కొట్టేశాడు. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే బండి మొత్తం ఒకటే వణుకు, సైలెన్సర్ దగ్గర నిలబడి వింటే మధ్యలో ఒక దెబ్బ తప్పిపోతున్నట్టు టప్ టప్ మంటోంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్‌లో కూడా లాగట్లేదు. చెక్ ఇంజన్ లైటు ఒక్కోసారి ఆరి వెలుగుతోంది. ఫ్రెండ్ దగ్గర బ్లూటూత్ స్కానర్ ఉంటే పెట్టాం, పీ0302 అని వచ్చింది. మెకానిక్ ప్లగ్గు కూడా విప్పకుండానే హెడ్ (సిలిండర్ల మీదుండే ఇంజన్ పై భాగం) దింపాలి, 25 వేలు అవుద్ది అన్నాడు. నాకు స్కూటర్ ప్లగ్గు మార్చడం తప్ప పెద్దగా ఏం రాదు.

పానా_బాబాయ్:
తమ్ముడూ స్కూటర్ ప్లగ్గు మార్చడం వస్తే చాలు, ఇది కూడా అంతే, కాకపోతే ప్లగ్గు లోతులో ఉంటది. ముందు బండి తిప్పడం ఆపు. ఆ లైటు వెలిగి ఉంటే ఒక లెక్క, ఆరి వెలుగుతుంటే ఇంకో లెక్క, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి అక్కడ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుద్ది, అది పోయిందంటే నీ 25 వేలు నిజంగానే అయిపోతాయి.

0302 అంటే రెండో సిలిండర్ సరిగా కాలట్లేదని. 0300 వస్తే ఫలానా సిలిండర్ అని లేకుండా అక్కడా ఇక్కడా, అప్పుడు గాలి లీకు, పెట్రోల్ ప్రెషర్ లాంటివి చూడాలి. నీకు ఒక్కటే చూపిస్తోంది కాబట్టి నీ పని తేలిక. అడ్డంగా కూర్చున్న ఇంజన్‌లో మామూలుగా టైమింగ్ చైన్ వైపున్నది ఒకటో నంబరు, దాని పక్కది రెండు.

ప్లగ్గు మీద కూర్చుని దానికి స్పార్క్ కరెంటు ఇచ్చేది కాయిల్. ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండో కాయిల్ బోల్టు విప్పి పైకి లాగు. ప్లగ్గు గుంతలో నీళ్లు ఉంటాయి చూడు, నా పందెం. నీళ్ల బదులు ఆయిల్ ఉంటే పైన కవర్ ప్యాకింగ్, ప్లగ్ ట్యూబ్ సీళ్లు పోయినట్టు. ఏదున్నా ప్లగ్గు విప్పకముందే ఆ గుంతలో గాలి కొట్టి శుభ్రం చెయ్, సైకిల్ పంపైనా పర్లేదు, లేకపోతే ఆ మట్టంతా సిలిండర్‌లోకి దిగుద్ది. తర్వాత రెండో కాయిల్ మూడుకి, మూడోది రెండుకి మార్చి, కోడ్ చెరిపేసి, స్టార్ట్ చేసి చూడు. కోడ్ 0303కి మారితే కాయిల్ పోయినట్టు. రెండులోనే ఉంటే ప్లగ్గులు అటూ ఇటూ మార్చు. అప్పటికీ కదలకపోతేనే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది పోయిందో తెలీదు.

రేసు_రాజా:
ఇంత ఎందుకు బ్రో, ఇంజన్ నడుస్తుండగా ఒక్కో కాయిల్ పైకి పీకెయ్, ఏది పీకితే సౌండ్ మారదో అదే పోయింది. మా ఊళ్లో అందరూ ఇట్లాగే చూస్తారు.

సీఎన్జీ_సవారీ:
వద్దన్నా, గట్ల చెయ్యకు. కాయిల్ల వేల వోల్టులుంటయ్, నాకు ఒకసారి మోచేయి దాకా గుంజింది, గిప్పటికీ యాదికుంది. గట్ల చూడాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కొక్కటి పీకి చూడు, కాయిల్ ముట్టకు. పెట్రోలే పడదు కాబట్టి కన్వర్టర్‌కి కూడా ఏం గాదు. మంచి సిలిండర్‌ది పీకితే ఇంజన్ ఇంకా గుంజుకుంటది, సచ్చిన సిలిండర్‌ది పీకితే ఏం తేడా రాదు. వైర్లు కూడా జర చూడు, నా బండికి ఎలుక కొరికింది, నేను రెండు కాయిళ్లు ఉత్తగనే కొన్న. సీఎన్జీ బండ్లకైతే ఇది ఇంకా ఎక్కువ, గ్యాస్‌కి స్పార్క్ గట్టిగ కావాలె, పెట్రోల్ మీద మంచిగ నడిచి గ్యాస్ మీద మిస్ కొడుతుందంటే ముందు ప్లగ్గులే చూస్త నేను.

ఖమ్మం_కుర్రాడు:
బాబాయ్ పందెం నువ్వే గెలిచావ్. గుంతలో టీ స్పూనుడు నీళ్లు, అడుగున తుప్పు. తుడిచి, ఆరబెట్టి, కాయిల్ మూడుకి మార్చా, అయినా కోడ్ 0302నే. ఇక ఇంజెక్టరేనేమో అని సగం భయపడుతూనే ప్లగ్గు విప్పా. కింద కొన బిస్కెట్ రంగులో బాగానే ఉంది కానీ పైన తెల్ల పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత, గోరుతో గీకినా పోలేదు. ఇదేనా?

పానా_బాబాయ్:
అదే. స్పార్క్ కింద కొన దాకా పోకుండా తడి పట్టుకుని పక్కనుంచి హెడ్‌లోకి దిగిపోయింది, ఒకసారి ఆ దారి పడితే ఆరినా అక్కడినుంచే పోద్ది. ప్లగ్గు తుడిచి పెట్టకు, కొత్తది వెయ్, 82 వేలు అంటున్నావ్ కాబట్టి నాలుగూ మార్చెయ్. ముందు చేత్తోనే మరలు ఎక్కించు, పానాతో మొదలెట్టావంటే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి, అప్పుడు మెకానిక్ చెప్పిన మాట నిజమైపోద్ది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గు అయితే చేత్తో ఆగిపోయాక అర చుట్టు, అంతే.

ఖమ్మం_కుర్రాడు:
నాలుగు ప్లగ్గులు వేశా. రెండు రోజులు వెన్నలా నడిచింది, ఇవాళ పొద్దున వాన పడ్డాక మళ్లీ అదే వణుకు. ఈసారి 0303 బాబాయ్! రోగం పక్కింటికి పోయింది.

పానా_బాబాయ్:
హహ పోలేదు, నువ్వే తీసుకెళ్లి పెట్టావ్. రెండో కాయిల్ ఇప్పుడు ఎక్కడుంది? మూడులో కదా. దాని కింద ప్లగ్గు మీదికి దిగే రబ్బరు బూటు తీసి లోపల టార్చి వేసి చూడు, ప్లగ్గు మీదున్న గీతకి జోడీ ఉంటది. ఇది ముందే చెప్పాల్సింది, నాదే తప్పు.

ఖమ్మం_కుర్రాడు:
ఉంది, సరిగ్గా అదే గీత, ఇంకొంచెం లావుగా. బూటు ఒక్కటే విడిగా దొరికింది, 180 రూపాయలు. లోపల కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసి పెట్టా. ప్లగ్గులతో కలిపి 1100 అయింది. ఇవాళ్టికి ఆరు రోజులు, నిన్న గట్టి వానలో కూడా ఫ్లైఓవర్ థర్డ్ గేర్‌లోనే ఎక్కింది. వాటర్ సర్వీసింగ్ వాడికి మాత్రం ఈసారి బానెట్ తాళం ఇవ్వను.

రేసు_రాజా:
బానెట్‌కి తాళం ఎక్కడుంది బ్రో, లోపల లివరేగా 😂