‘వల పన్నడం’, ఎంట్రాప్‌మెంట్: రెంటికీ ఒకే మాటా?

గవర్నర్‌పేట, విజయవాడ:
‘ఏసీబీ వలలో వీఆర్వో’ అని పేపర్లో చూస్తూనే ఉంటాం. ఎంట్రాప్‌మెంట్‌నూ (నేరం చేసే ఉద్దేశం లేనివాడి చేత పోలీసులే చేయించి పట్టుకోవడం) ‘వల పన్నడం’ అనే రాసేస్తున్నారు. ఒకటి చట్టబద్ధం, రెండోది కాదు కదా. విడదీసే మాట ఉందా?

బ్రాడీపేట, గుంటూరు:
‘ఉసిగొల్పి ఇరికించడం’. ‘ఎర వేయడం’ అంటే కుదరదు, వలలోనూ నోట్లు ఎరే. ముందు నోరు తెరిచింది ఎవరన్నదే తేడా. అమెరికాలో 1932 నాటి సోరెల్స్ కేసు చూడండి. మద్యనిషేధం రోజులు. మారువేషంలో వచ్చిన ఏజెంటు తానూ యుద్ధంలో పనిచేశానని మాట కలిపి, లేదన్నా వినకుండా మళ్లీ మళ్లీ అడిగి, 5 డాలర్లకు అర గ్యాలన్ విస్కీ తెప్పించాడు. ఇరికించారన్న వాదన వినాల్సిందేనంది అక్కడి సుప్రీంకోర్టు.

గవర్నర్‌పేట:
మరి మన ట్రాపులో అలా జరగలేదని తేలేదెలా?

అరండల్‌పేట, గుంటూరు:
కాగితాల వరసను బట్టి. ముందు ఫిర్యాదు, తర్వాత ఎఫ్ఐఆర్, ఆ తర్వాతే నోట్లు. ఇద్దరు మధ్యవర్తుల ముందు (సాధారణంగా వేరే శాఖ ఉద్యోగులు) నంబర్లు రాసుకుని, నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. అవి పట్టుకున్న వేళ్లు సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. పొడి పూసిన మనిషే ద్రావణం కలిపితే, రంగు అతని చేతి పొడి వల్లే వచ్చిందనొచ్చు, డిఫెన్స్ లాయరుకు పండగే. ఫిర్యాది వెళ్లగానే చెయ్యి కలిపినా తంటానే, డబ్బు ముట్టకుండానే అధికారి వేళ్లకు పొడి అంటుతుంది. అందుకే ఫిర్యాదికి గట్టిగా చెప్పేది, అడిగితేనే ఇవ్వమని. అడక్కుండా సొరుగులో పెట్టేసి వస్తే ఎంత రంగొచ్చినా లాభం లేదు. డిమాండు (లంచం అడగడం) రుజువు కాకుండా నోట్లు దొరికితే చాలదని 2015లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

బ్రాడీపేట:
దానికి సుప్రీంకోర్టుదే 2022 నాటి నీరజ్ దత్తా తీర్పు కలిపి చదవాలండీ. ఫిర్యాది చనిపోయినా, కోర్టులో ఎదురుతిరిగినా, మిగతా సాక్ష్యంతో డిమాండును రుజువు చేయొచ్చు.

మొగల్రాజపురం, విజయవాడ:
డబ్బెవరిదన్నదీ చూడాలి. 1954లో రావ్ శివ్ బహదూర్ సింగ్ కేసులో, పోలీసులే లంచం సొమ్ము సమకూర్చడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. శిక్ష మాత్రం ఖాయం చేసింది.
ఇకపోతే, ‘ఉసిగొల్పడం’ కుక్కను మనిషి మీదికి వదలడానికి వాడే మాట. ఇక్కడ ‘పురికొల్పడం’ నయం.

గవర్నర్‌పేట:
‘పురికొల్పి ఇరికించడం’కే నా ఓటు. కాకపోతే పేపరు హెడ్డింగులో పట్టదు.