ఎంపీఎఫ్‌ఐ కారులో మిక్స్చర్ స్క్రూ ఎక్కడుంటుంది?

ప్రశ్న: నాన్నగారి 2004 మోడల్ పెట్రోల్ కారు, ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ పెట్రోల్ చల్లే రకం). ఖమ్మంలో నడుపుతున్నా. ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే 500 ఆర్‌పీఎమ్‌కి పడి గజగజ వణుకుతుంది, ఏసీ వేస్తే ఆగిపోతుంది. మెకానిక్ థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపు) దగ్గర ఏదో స్క్రూ తిప్పాడు. ఇప్పుడు 1,400 మీద అరుస్తోంది! మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) ఎక్కడ తిప్పాలి?

జవాబు: అన్నా, ఇది కార్బురేటర్ కాదు, తిప్పడానికి. ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఈసీయూనే (ఇంజన్ కంప్యూటర్) ఒక పాలు పెట్రోల్‌కి సుమారు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కలుపుతుంది. ఆయన తిప్పింది థ్రాటిల్ స్టాప్ స్క్రూ అయ్యుంటుంది. ముందు దాన్ని యథాస్థానానికి పెట్టించండి. తర్వాత థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్‌కి గాలి ఇచ్చేది) కడిగించండి. మసి పేరుకుంటే మూసిన థ్రాటిల్ పక్కనుంచి గాలి దూరదు.

ఇంకో జవాబు: వ్యాక్యూమ్ గొట్టాలు (థ్రాటిల్ తర్వాత ఇంజన్ గాలి లాగే చోటికి కలిపిన రబ్బరు పైపులు) కూడా వేలితో వంచి చూడండి. ముసలి రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అన్నా! వాల్వ్ నిండా కాటుక లాంటి మసి. కడిగాక 850 దగ్గర నిలబడింది, ఏసీ వేసినా ఆగట్లేదు. గొట్టం ఒకటి చిట్లింది, రేపు మారుస్తా.