అప్‌డేట్: కరివేపాకు చిగుళ్లను చుట్టేస్తున్న పురుగు ఏంటో తెలిసింది

హన్మకొండలో మా పెరట్లో కరివేపాకు చిగుళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయని, మందు కొట్టాలా అని పోయిన నెల అడిగాను కదా. కొట్టొద్దు, ముందు విప్పి చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్.

విప్పాను. లోపల సన్నటి తెల్ల దారాలు, నల్లటి రెట్ట గింజలు, వాటి మధ్య ఆకుపచ్చ పురుగు. వేలు తగలగానే గబగబా వెనక్కి పాకి, దారం పట్టుకుని కిందికి జారింది. ఆ చిగురుతోనే గాజు సీసాలో వేసి, పలుచటి గుడ్డ కట్టి ఉంచాను. కొన్నాళ్లకు చిన్న బూడిదరంగు రెక్కల పురుగు బయటికొచ్చింది. మూతి దగ్గర కొమ్ముల్లా పైకి వంగిన రెండు స్పర్శాంగాలు. ఎంత ముచ్చటగా ఉందో!

వ్యవసాయం చదివిన మా మేనకోడలు చూసి, దీని శాస్త్రీయ నామం సొరోస్టికా జిజిఫి అంది. 1859లో స్టెయిన్‌టన్ అనే ఆంగ్ల కీటక శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడట. పేరులో రేగు (జిజిఫి) ఉన్నా, ఇది తినేది నిమ్మజాతి ఆకులు, కరివేపాకు. ఇదివరకు ఈకోఫోరిడే అనే చిమ్మెటల కుటుంబంలో ఉండేది, ఇప్పుడు డిప్రెసారిడేలో పెట్టారు.

మందు జోలికి పోలేదు. రోజూ కూరలోకి తెంపే ఆకు అది. చుట్టుకున్న చిగుళ్లను చేత్తో గిల్లేస్తున్నాను, కొత్త ఇగుర్లు శుభ్రంగా వస్తున్నాయి. సీసాలో పురుగును మాత్రం చంపబుద్ధి కాక, సాయంత్రం గోడ అవతల వదిలేశాను.