మ్యాగీ వాకర్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేము వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఉంటాం. డిసెంబర్ 15న, ఇదే ఊళ్లో బతికిన నల్లజాతి మహిళ మ్యాగీ లీనా వాకర్ వర్ధంతికి మా వీధి పిల్లలతో చిన్న కార్యక్రమం చేద్దామనుకుంటున్నాను. మీ సలహా కావాలండి.

ఆవిడ తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. ఆ ఇంటి పిల్ల 1903లో ఇదే ఊళ్లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ పెట్టి, దానికి అధ్యక్షురాలైంది. నల్లజాతివాళ్లు దాచుకున్న డబ్బు మళ్లీ వాళ్లకే ఇంటి లోన్లుగా అందాలన్నది ఆవిడ పట్టుదల. నా మనసులో నిలిచిపోయింది మాత్రం అట్ట డిబ్బీల సంగతి. పిల్లల చేతికి అవి ఇచ్చేవారట. సెంటు సెంటు వేసుకుంటూ పోయి, డాలర్ కాగానే బ్యాంకులో సొంత ఖాతా! చివరి ఏళ్లలో వీల్‌చెయిర్‌లో ఉండి కూడా ఆవిడ పని మానలేదు.

మేమూ పిల్లలతో అలాంటి డిబ్బీలు చేయిస్తాం. నా టెన్షన్ అంతా ఒక్కటే. నల్లవాళ్లను తెల్లవాళ్ల నుంచి వేరుగా ఉంచిన ఆనాటి జాతి వేర్పాటు చట్టాల గురించి ఆరేడేళ్ల పిల్లలకు భయపెట్టకుండా, అలాగని దాచకుండా ఎలా చెప్పాలి? టీచర్లు, తల్లిదండ్రులు ఎవరైనా ఇలాంటివి చెప్పి ఉంటే, ఏ మాటతో మొదలుపెట్టారో రాయండి, ప్లీజ్.